అంచులు కోసే బాక్సు

కొత్త కంప్యూటర్ వచ్చిన రోజే మా అన్నకూ నాకూ పోట్లాటైంది. అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. చిక్కడపల్లిలో కూరగాయల మార్కెట్ వెనక సందులో, మొదటి అంతస్తులో ఆయనకొక ఎడిటింగ్ రూము ఉండేది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లు క్యాసెట్లు తెచ్చి మాకిస్తే, మేం వాటిని కోసి, అతికించి, పాటలు పెట్టి, పేర్లు వేసి, డీవీడీలు చేసి ఇచ్చేవాళ్లం. డీవీడీలొచ్చి ఏళ్లు గడిచినా పెళ్లివాళ్లు మాత్రం "మా క్యాసెట్ అయిందా?" అనే అడిగేవాళ్లు. నేను ఆయన దగ్గర పని నేర్చుకుని, ఆయన దగ్గరే ఉండిపోయాను. ఆయన నన్ను చెల్లె అనేవాడు. ఆయన భార్యను నేను వదినా అని పిలిచేదాన్ని. రెండు వేల పదకొండు నాటి సంగతి ఇది.

మా పని పద్ధతి ఒకటుండేది. మౌస్ నాది, టీవీ ఆయనది. నేను కంప్యూటర్ ముందు కూర్చుంటే, ఆయన నా పక్కన కొంచెం వెనగ్గా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని టీవీ చూసేవాడు. కంప్యూటర్‌లో నడిచే బొమ్మను టీవీలోకి పంపడానికి రెండింటి మధ్యా టిఫిన్ డబ్బా అంత బాక్సు ఒకటుండేది. దాని ఒక పక్క నుంచి లావుపాటి కేబుల్ కంప్యూటర్‌లోకి, ఇంకో పక్క నుంచి మూడు రంగుల వైర్లు టీవీలోకి పోయేవి. "పెండ్లోళ్లు ఇంట్ల చూసేది టీవీలనే. మనం గూడ టీవీలనే చూసి కొయ్యాలె" అనేవాడు. ఆయన టీవీ చూస్తూ "ఆపు... జర వెనకకు పో... ఆఁ, కొయ్యి" అంటే నేను కోసేదాన్ని. రెండు కెమెరాల రంగుల్లో రవ్వంత తేడా ఉన్నా కుర్చీలోంచి లేవకుండానే పట్టేసేవాడు. ఆ కంటి మీదున్న నమ్మకం నాకు నా కళ్ల మీద కూడా లేదు.

పాత కంప్యూటర్ ఎండాకాలం పెళ్లిళ్ల మధ్యలో మొరాయించి, చివరికి పూర్తిగా పడిపోయింది. తప్పనిసరై కొత్తది తెచ్చాం. పెట్టె విప్పగానే ఆయన అన్న మొదటి మాట, "బాక్సు పెట్టు." పెడదామంటే కొత్తదానికి ఆ లావు కేబుల్ పట్టే సందే లేదు. టీవీ నీలంగా ఉండిపోయింది. నాకసలే ఓపిక తక్కువ. "ఇంత పెద్ద మానిటర్ వచ్చింది కదన్నా, నా పక్కన కూసొని దీంట్లనే చూడరాదూ?" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. "గట్లయితే నేనెందుకు ఈడ? నువ్వే చేస్కో" అని చెప్పులేసుకుని దిగిపోయాడు. కోపం తగ్గాక నాకే అర్థమైంది. ఆ టీవీలో బొమ్మ రాకపోతే ఆ గదిలో ఆయనకు పనే లేదు.

దానికి తోడు ఇంకో తొందర ఉంది. ఆయన కూతురికి సంబంధం కుదిరింది. మాఘమాసంలో పెళ్లి. "ఊరందరి పెండ్లిళ్లు కోసిన. నా బిడ్డ పెండ్లి నా చేత్తోని కొయ్యకుంటె ఎట్ల?" అనేవాడు. వదిన వింటే "శుభమా అని పెండ్లి చేస్తుంటె కోసుడు కోసుడు అంటవేంది?" అని కసిరేది. ఆయన నవ్వేవాడు గానీ మాట మార్చేవాడు కాదు. అప్పటిలోగా బాక్సు నడవాలి, అంతే.

నారాయణగూడ ఫ్లైఓవర్ దగ్గర కంప్యూటర్లు బాగు చేసే ఒకతన్ని పిలిచాం. అతను నిదానస్తుడు, నేను అగ్గి. ఆ రోజుల్లో ఒకనాడు బందైతే ఇంకోనాడు ధర్నా. వస్తానన్న రోజు వచ్చేవాడు కాదు. వచ్చిన రోజు కేబుల్ పట్టే కార్డొకటి తెచ్చి కంప్యూటర్‌లో బిగించాడు. బాక్సుతో పాటు ఎప్పుడో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ సీడీ వేస్తే, ఇది పాతది, నేను తీసుకోను అంది కొత్త కంప్యూటర్. ఇంటర్నెట్‌లో వెతికి కొత్తది దింపుకునేసరికి ఇంకో బందొచ్చింది. అది ఎక్కించాక టీవీలో బొమ్మ వచ్చింది, నలుపు తెలుపులో. పెళ్లికూతురి పట్టుచీర బూడిద రంగు, కుంకుమ నలుపు. "ఇది పెండ్లా, తద్దినమా?" అన్నాను. బాక్సు అమెరికా టీవీల లెక్కన బొమ్మ పంపుతోందని అతను కనిపెట్టి, మన టీవీల లెక్కకు మార్చాడు. రంగులొచ్చాయి. అన్న చప్పట్లు కొట్టి కింది నుంచి అందరికీ ఛాయ్ తెప్పించాడు. వదిన సర్వపిండి పంపింది. ఇక పరేషానీ తీరిందనుకున్నాం.

ఆయన ఛాయ్ తాగుతూ టీవీ చూసి, "అంచులు కోస్తుంది కదా చెల్లె" అన్నాడు.

ఇది కాస్త చెప్పాలి. ఆ కాలపు టీవీలన్నీ బొమ్మ అంచుల్ని కొంచెం మింగేసేవి. కంప్యూటర్‌లో మొత్తం కనిపించేది టీవీకొచ్చేసరికి చుట్టూ కొద్దిగా పోయేది. అందుకే మేం పేర్లు ఎప్పుడూ లోపలికి జరిపి రాసేవాళ్లం. పెళ్లి వాళ్లకు డీవీడీ ఇచ్చేముందు గదిలో కూర్చోబెట్టి టీవీలో మొత్తం చూపించడం మా ఆనవాయితీ. వాళ్లు చూస్తూ "మా మేనమామ ఏడీ? కోసేసిన్రా?" అని గొడవ పడితే, అంచున నిలబడ్డ పాపానికి టీవీ మింగిందమ్మా అని నచ్చజెప్పడం మాకు రోజూ ఉండేదే. కాబట్టి అంచులు కోస్తోంది అని అన్న అంటే మాకెవరికీ వింతనిపించలేదు. మా పనితో సంబంధం లేనివాళ్లెవరైనా అయితే ఆ మాట వినగానే ఆయన ముఖంలోకి చూసేవాళ్లేమో. మేం బాక్సులోకి చూశాం. టీవీ ఎప్పుడూ కోసేదే, ఈ కొత్త కంప్యూటర్‌తో ఇంకొంచెం ఎక్కువ కోస్తోంది కాబోలు అనుకున్నాం.

నారాయణగూడ అతను సెట్టింగులన్నీ తిప్పాడు. కేబుల్ మార్చాడు. వైర్లు మార్చాడు. "ఇప్పుడు సూడన్నా" అంటే "కుడి దిక్కు ఇంక కోస్తనే ఉంది" అనేవాడు అన్న. ఇంట్లో ఉన్న చిన్న టీవీ తెచ్చి తగిలించాం. దాన్ని చూసి "దీంట్ల జర నయం" అన్నాడు. దాంతో తప్పు పెద్ద టీవీది, బాక్సుది కలిపి అని మా అందరికీ రూఢి అయిపోయింది. ఒకరోజు ఆ మెకానిక్ విసిగిపోయి నా దగ్గర మెల్లగా "అక్కా, నాకైతే మంచిగనే కనిపిస్తుంది" అన్నాడు. "ఆయన కన్ను నీకెట్ల వస్తది? చెప్పింది చెయ్యి" అని నోరు మూయించాను. నాకు కూడా మంచిగానే కనిపిస్తోంది మరి. కానీ నేను చూసేది మానిటర్. టీవీ ఆయనది.

ఆ రోజుల్లోనే ఆయన స్కూటర్ మానేసి నడిచి రావడం మొదలుపెట్టాడు. ట్రాఫిక్ ఎక్కువైందన్నాడు, నిజమే కదా అనుకున్నాం. అశోక్ నగర్ మీదుగా వచ్చేటప్పుడు కోచింగ్ పిల్లలెవరో ఒకరు తగిలేవాళ్లు. "పుస్తకంల మొకం పెట్టి నడుస్తరు. ఎదురుంగ మనిషి వస్తుండంటె చూడరు. రేపు వీళ్లే కలెక్టర్లయితరు" అని మెట్లెక్కుతూ తిట్టేవాడు. నేనూ వంత పాడేదాన్ని. ఇంట్లో పళ్లెం అంచున వదిన పచ్చడి వేస్తే, "పచ్చడెయ్యలేదేంది?" అని అడిగేవాడట. వదిన పళ్లెం తిప్పి పెట్టేది. ధ్యాసంతా ఆ బాక్సు మీదే ఉంది ఈయనకు అనుకునేదట.

దసరా వెళ్లాక నారాయణగూడ నుంచి ఒక కుటుంబం వాళ్ల క్యాసెట్ చూసుకోవడానికి వచ్చింది. ఒక పెద్దావిడ, కొడుకూ కోడలూ. అన్న వాళ్ల పక్కన కూర్చుని ఎప్పట్లాగే మర్యాదలు చేశాడు. తలంబ్రాల తర్వాత చదివింపులు వచ్చాయి. కొత్త జంట పక్కన వరసగా చుట్టాలు నిలబడ్డారు. పెద్దావిడ ముఖం వెలిగిపోతూ "మా తమ్ముడు" అంది. అన్న వెంటనే చేతులు జోడించాడు. "మాఫ్ చెయ్యి పెద్దమ్మ. మీ తమ్ముడు అంచుకు నిలవడ్డట్టుంది. మా బాక్సు కోసేసింది. రెండు రోజులల్ల బాగు చేపిస్తం" అన్నాడు.

పెద్దావిడ విస్తుపోయింది. "కోసుడేంది నాయనా? గదిగో, నీలం అంగీల నిలవడె" అని వేలు పెట్టి చూపించింది. కొడుకూ కోడలూ నవ్వారు, అన్న హాస్యమాడుతున్నాడనుకున్నారు. నేను మానిటర్ వదిలి టీవీ వైపు తిరిగాను. నీలం చొక్కా ఆయన నిక్షేపంలా, నిండుగా, తెర మీద ఉన్నాడు. మీసాలతో సహా ఉన్నాడు. అన్న ముఖంలో మాత్రం నవ్వు లేదు.

వాళ్లు వెళ్లిపోయాక నేను అదే బొమ్మను ఆపి ఉంచాను. ఏం అడగాలో తెలీలేదు. ఆయనే కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తెర మధ్యలో ఉన్న పెళ్లికూతురి వైపు చూశాడు. తర్వాత తల కొంచెం కుడికి తిప్పాడు. ఆగాడు. ఇంకొంచెం తిప్పాడు. నీలం చొక్కా దొరికింది. తల మళ్లీ మధ్యకు తెచ్చాడు. చొక్కా పోయినట్టుంది. మళ్లీ కుడికి తిప్పాడు. అలా ఎన్నిసార్లు చేశాడో. ఆ బొమ్మ కదలడం లేదు. బాక్సు కోసి ఉంటే ఆయన తల తిప్పినంత మాత్రాన రాదు కదా. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

"బాక్సు మంచిగనే ఉంది చెల్లె" అన్నాడు.

హైదర్‌గూడ వైపు ఒక కంటి ఆసుపత్రికి వదినా నేనూ తీసుకెళ్లాం. ఒక గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం పెట్టించి, చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బయటి నుంచి నాకు మీట చప్పుడు వినిపించేది. మధ్యమధ్య చాలాసేపు వినిపించేది కాదు. డాక్టరమ్మ మంచిది, ఓపిగ్గా చెప్పింది. నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు చుట్టూ నుంచి కొంచెం కొంచెంగా తినేస్తూ వస్తుంది, నొప్పుండదు, మనిషికి తెలీదు. నడిమధ్య చూపు బాగానే ఉంది, అందుకే రంగుల తేడా ఇప్పటికీ పట్టగలుగుతున్నాడు. చుట్టూ పోయింది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి, చుక్కల మందు ఒక్కపూట కూడా మానొద్దు అంది. ఎప్పటి నుంచి అని వదిన అడిగితే ఏళ్లుగా అంది. నాకు పట్టరాని కోపమొచ్చింది. ఎవరి మీదో తెలీదు. రోడ్డు మీదికొచ్చాక, దారికడ్డంగా బండి పెట్టిన ఒకతన్ని పట్టుకుని ఊరికే కడిగేశాను. వదిన నా చెయ్యి పట్టి లాక్కుపోయింది.

ఇంటికొచ్చాక ఆయన ఒకటే మాటన్నాడు. "బిడ్డ పెండ్లి అయ్యేదాక మన ముగ్గురిలనే ఉండాలె. దానికి తెలిస్తె పెండ్లి ఆపుతది. వియ్యాలోళ్లకు తెలిస్తె నన్ను జాలిగ చూస్తరు. నాకొద్దు." మేం ఒప్పుకున్నాం. ఒప్పుకోక ఏం చేస్తాం? చుక్కల మందు సీసా వదిన పోపుల డబ్బాలో దాచేది.

మాఘంలో పెళ్లి నారాయణగూడలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. వదిన ముందే అన్నీ అనుకుంది. అక్షింతల పళ్లెం, చెంబు, పూలు అన్నీ ఆయనకు సరిగ్గా ఎదురుగా ఉండాలి, పక్కన ఏదీ పెట్టొద్దని పంతులుగారికి వేరే ఏవో కారణాలు చెప్పింది. ఆయన పట్టు పంచెలో నిటారుగా నడిచాడు. వచ్చినవాళ్లను గొంతు బట్టి గుర్తుపట్టి, తల అటు తిప్పి పలకరించాడు. నేను కెమెరా వాళ్లకు పురమాయిస్తూ హాలంతా తిరుగుతున్నాను. పీటల దగ్గర నిలబడి చూసే తీరిక దొరకలేదు. అప్పగింతల్లో అందరూ ఏడుస్తుంటే పెళ్లికూతురు నన్ను గట్టిగా వాటేసుకుని చెవిలో అంది: "అత్తా, డాడీకి కండ్లల్ల మందు నువ్వు గూడ యాదికి చెయ్యి. మమ్మీ ఒక్కతే ఎన్నని చూస్కుంటది?" ఆ పిల్లకు ఎప్పుడు తెలిసిందో, ఎలా తెలిసిందో అడిగే సందర్భమా అది. కారెక్కి వెళ్లిపోయింది. ఆ మాట నేను అన్నకు చెప్పలేదు.

పెళ్లైన వారానికి క్యాసెట్లు గదికొచ్చాయి. ఆయన పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎదుర్కోళ్ల నుంచి మొదలుపెట్టాం. "ఆపు... కొయ్యి" అంటూ చెప్పాడు, కాకపోతే ప్రతి బొమ్మ దగ్గరా తల అటూ ఇటూ తిప్పి వెతుక్కోవాల్సి వచ్చేది. బొమ్మ కదులుతుంటే వెతకడం కుదరదు. కన్యాదానం దగ్గర ఆయనకు తెర మధ్యలో చేతులు మాత్రం కనిపించాయి. బిడ్డ చెయ్యి, అల్లుడి చెయ్యి, మీద నుంచి పడే నీళ్లు. "చూసినవా? ఎంత సక్కగ చేసిన్నో. ఒక్కరికి గూడ ఎరుక కాలే" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో పాత ధీమా విన్నాను. నా ప్రాణం లేచొచ్చింది.

నాకో ఉపాయం తట్టింది. బొమ్మ మొత్తాన్ని కుదించి, టీవీ నడిమధ్యలో పోస్టు కార్డంత చేసి పెడితే? చుట్టూ నల్లగా వదిలేస్తే? డాక్టరమ్మ మధ్య చూపు బాగుందనే కదా చెప్పింది. ఆయనకు చెప్పకుండానే చేసి పంపించాను. ఆయన ఒక్కసారి ముందుకు వంగాడు. "వార్నీ" అన్నాడు. తల తిప్పకుండా ఈ చివర నుంచి ఆ చివరి దాకా మనుషుల్ని పేరుపేరునా పిలిచాడు. బావమర్ది, చిన్నమ్మ, వంటాయన, ఎదురింటివాళ్ల బాబు. "అందరొచ్చిన్రు చెల్లె" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు, నా కళ్లలో నీళ్లు. ఆ క్షణంలో నాకు నా తెలివి మీద గర్వం కూడా కలిగింది. మొదటి నుంచీ మళ్లీ వెయ్యమన్నాడు. వేశాను.

కన్యాదానం వచ్చింది. ఇప్పుడు ఆయనకు చేతులే కాదు, అంతా కనిపిస్తోంది. నేనూ అప్పుడే దాన్ని సరిగ్గా చూశాను. ఆయన చెయ్యి బిడ్డ చేతి కోసం గాలిలో తడుముకుంటోంది, అది ఉన్న చోటు కాక ఇంకెక్కడో. ఆ పిల్ల తల ఎత్తకుండానే తన చేతిని మెల్లగా జరిపి ఆయన చేతిలో పెట్టింది. అంచున వదిన, ఒక చేత్తో చెంబు వంచుతూ, భుజానికేసి కళ్లు తుడుచుకుంటోంది.

"మీ వదిన ఏడుస్తుందేంది?" అన్నాడు. "అప్పగింతలు గావు కదా ఇవి."

"పొగన్నా. హోమం పొగ కండ్లల్ల పడ్డట్టుంది" అన్నాను.

"హోమం ఇంక ముట్టియ్యనే లేదు చెల్లె" అన్నాడు.

ఎన్నో వందల పెళ్లిళ్లు చేతుల మీదుగా పంపినవాడు, దేని తర్వాత ఏదొస్తుందో ఆయనకు నేను చెప్పాలా? బొమ్మ ఆపబోయాను. వద్దన్నాడు. వెనక్కి పొమ్మన్నాడు, మళ్లీ వెయ్యమన్నాడు. ఆ చెయ్యి తడుముకోవడం, ఆ పిల్ల చెయ్యి జరపడం మళ్లీ చూశాడు. కింద మార్కెట్‌లో ఎవరో బేరం గురించి అరుచుకుంటున్నారు.

"బిడ్డకు గూడ ఎరుకనా?" అన్నాడు, టీవీ మీద నుంచి చూపు తియ్యకుండా.

నేను తలూపాను. ఆయన జవాబు కోసం అలాగే కూర్చున్నాడు. నేను పక్కన ఉన్నాను, ఆయనకు కనిపించను కదా. "ఎరుకే అన్నా" అని నోటితో చెప్పాల్సి వచ్చింది.